కట్టించింది సరే, కట్టిందెవరు?

దోమకొండ గడిని చూపించడానికి పిల్లల్ని తీసుకుపోయే ఉపాధ్యాయ మిత్రులతో మాకొక పేచీ ఉంది. గడితో కాదు. 18వ శతాబ్దపు ఆ కట్టడం అందమైనదే. శిథిలం కాకుండా దాన్ని బాగుచేసిన తీరుకు 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారం వచ్చింది, మాకూ సంతోషమే. పేచీ అంతా తిరిగొచ్చాక నోటుబుక్కులో రాయించే ఒక్క వాక్యం మీద: ఈ కోటను కామినేని వంశం వారు కట్టించారు.

కట్టించారు! మన తెలుగు నిజాయితీ గల భాష. కట్టినవాడు వేరు, కట్టించినవాడు వేరు అని క్రియలోనే చెప్పేస్తుంది. అయినా ఏ పిల్లా లేచి 'ఎవరితో కట్టించారు సార్?' అనదు. అనేలా మనం నేర్పలేదు. శ్రీశ్రీ ఈ ప్రశ్న ఎప్పుడో వేశాడు. దాన్ని కంఠస్థం చేసి మార్కులు తెచ్చుకున్నాం గానీ, గడి ముందు నిలబడి అడగలేదు.

రాయి తనంతట తాను గుట్ట దిగి రాదు. ఒకరు కొట్టాలి, ఒకరు బండికెత్తాలి, ఒకరు ఎడ్లను తోలాలి. సున్నం కాల్చాలి, గానుగలో నూరాలి, తట్టల్లో మోయాలి. వాళ్లంతా మన తండాల వాళ్లేనని మేము అనడం లేదు. రుజువు లేని గొప్పలు వంశవృక్షాలు రాయించుకునేవాళ్లకే వదిలేద్దాం. మేము అడిగేది పేర్లు.

ఆ కాలంలో కూలీల సంగతి ఎవరు రాసిపెడతారు అంటారా? ఈజిప్టులో రాసిపెట్టారు. 2013లో ఎర్రసముద్రం ఒడ్డున వాదీ అల్ జర్ఫ్ అనే చోట దొరికిన పపైరస్ చుట్టల్లో మెరెర్ అనే మేస్త్రీ దినచర్య ఉంది. నలభై మంది దాకా మనుషులతో తురా గనుల సున్నపురాయిని నైలు మీద పడవల్లో ఖుఫు పిరమిడ్ దగ్గరికి ఎలా చేర్చాడో ఏ రోజుకారోజు రాసి ఉంది. 4,500 ఏళ్ల కిందటి మాట. అంత దూరం ఎందుకు, 1213లో రేచర్ల రుద్రుడు పాలంపేటలో కట్టించిన గుడిని జనం ఆయన పేరుతో పిలవరు. శిల్పిదని చెప్పుకునే పేరుతో రామప్ప గుడి అంటారు.

పేరు పోతే ఏమవుతుందో కూడా ఆ ములుగు అడవుల్లోనే ఉంది. దామరవాయి గుట్ట మీద బండపలకలు నిలబెట్టి, పైన ఇంకో బండను కప్పిన ఇనుపయుగపు సమాధులున్నాయి. జనం నోట అవి రాకాసి గుళ్లు. అంత బరువెత్తినవాళ్లు మనుషులంటే నమ్మబుద్ధి కాలేదు, రాకాసుల్ని చేశారు. ఆ మాట అడవి మనుషుల మీద ఎన్నిసార్లు పడిందో మనకు ఇంకొకరు చెప్పాలా?

1931లో పూర్తయిన నిజాంసాగర్ మన జిల్లాలోదే. 'నిజాం కట్టించాడు' అనే దానికీ రాయిస్తున్నాం. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, తండాల్లో, గూడేల్లో ముసలివాళ్లు ఉండగానే అడగండి. మీ తాత, మీ ముత్తాత ఆ కట్ట మీద పనిచేశారా? ఎవరి తట్ట, ఎవరి బండి? కూలి ఎంత ఇచ్చారు, అసలు ఇచ్చారా? విన్న పేర్లన్నీ ఆ వాక్యం కిందే రాయండి. సార్లూ, ఈ దసరా సెలవులకు హోంవర్కు ఇదే ఇవ్వండి.