వేడి గదిదా, ప్రాసెసర్‌దా?

వేసవి ప్రవేశించగానే కంప్యూటర్ గదులలో ఒక మాట తరచుగా వినవస్తుంది: "పెట్టె కాలిపోతున్నది, ఇక దీని పని అయిపోయింది." ఉర్దూ మిత్రులు గర్మీ అన్నా, తెలుగు మిత్రులు వేడి అన్నా, ఈ తీర్పుకు ఆధారం క్యాబినెట్‌పై ఆనించిన అరచేయి ఒక్కటే. ఆ తీర్పుతో ఒక యంత్రం మూలపడితే, ప్రాక్టికల్ వేళ ఇద్దరు విద్యార్థులు మరొకరి భుజం మీదుగా తెర చూడవలసి వస్తుంది. కనుక కమిటీ పెద్దలు, విద్యార్థి సోదర సోదరీమణులు ఈ విషయమై కొంత ఆలోచించవలసియున్నది.

ఆరోగ్యవంతుని శరీరోష్ణం ఏ ఋతువులోనైనా సుమారు 37 డిగ్రీలు. అందుచేత థర్మామీటరు చూడగానే హకీము గారు జ్వరమున్నదీ లేనిదీ చెప్పగలరు. ప్రాసెసర్‌కు అట్టి స్థిరమైన అంకె లేదు. దానిపైనున్న హీట్ సింక్, ఫ్యాను వేడిని గదిగాలికే అప్పగించాలి. గాలియే వేడెక్కితే ప్రాసెసర్ కూడా దాదాపు అంత మేరకు వేడెక్కుతుంది. డిసెంబరులో గది 25 డిగ్రీలుండగా, నిండు పనిలో 65 చూపిన ప్రాసెసర్, ముస్తాబాద్ మే మధ్యాహ్నం గది 40కి చేరినపుడు 80 చూపితే అది వ్యాధి కాదు. రెండు వేళలా తేడా 40 డిగ్రీలే. అదే పనికి ఆ తేడా 55కు పెరిగినదంటే మాత్రం అనుమానించవలసినదే.

అయితే పై హద్దు లేకపోలేదు. ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లు అనేకం 100 డిగ్రీల వరకు, ఎ.ఎం.డి. రైజెన్ రకాలు కొన్ని 90, కొన్ని 95 వరకు తట్టుకుంటాయి. హద్దు చేరగానే నేటి ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకొంటుంది. అప్పటికీ తగ్గకపోతే యంత్రం ఆగిపోతుంది. 2001లో హీట్ సింక్ ఊడదీయగానే ఒక అథ్లాన్ ప్రాసెసర్ పొగలుగ్రక్కుతూ కాలిపోయిన దృశ్యం ప్రపంచమంతటా ప్రచారమైనది. అట్టి భయం నేడు చాలవరకు లేదు. మధ్యాహ్నం మందగించి, ఉదయం చురుకుగా నడిచే యంత్రాన్ని చూసి "వైరస్" అనేవారు ముందు వేడిని అనుమానించుట మేలు.

తేడా ఎందుకు పెరుగుతుంది? మనది సిరిసిల్ల మరమగ్గాల సీమ. గాలిలోని నూలు నూగు, రోడ్డు దుమ్ము కలిసి హీట్ సింక్ రేకుల నడుమ పలుచని కంబళివలె పేరుకొంటాయి. క్యాబినెట్ ప్రక్క రేకు తీసి బల్లఫ్యాను పెట్టేవారు ఆ కంబళిని మరింత మందం చేస్తున్నారు. విద్యుత్ తీగ ఊడదీసి, ఫ్యాను తిరుగకుండా వ్రేలితో పట్టుకొని, మెత్తని కుంచెతో, బ్లోయరుతో శుభ్రపరిస్తే చాలాసార్లు పని తీరుతుంది. అప్పటికీ తేడా తగ్గకపోతే ఎండిన థర్మల్ పేస్టు తుడిచి క్రొత్తది పూయించాలి. ఇవేవీ చేయకుండా క్రొత్త యంత్రానికి అర్జీ పెట్టుట నాకు సమ్మతం కాదు.

బయోస్‌లో కనిపించే అంకెను నమ్మి తీర్పు చెప్పరాదు. అచ్చట యంత్రం మన పని చేయుట లేదు. కోర్ టెంప్ వంటి ప్రోగ్రాముతో, పని నడుస్తుండగా పావుగంట చూడాలి. కమిటీ వారు గది గోడకొక థర్మామీటరు, బల్లపై ఒక నోటుపుస్తకం ఏర్పాటు చేసి, నెలకొకసారి గది అంకె, ప్రాసెసర్ అంకె ప్రక్కప్రక్కన వ్రాయించగలరు. శుభ్రపరచే పని ఫిబ్రవరిలోనే ముగియాలి. ఏప్రిల్ వచ్చాక వ్రాసే మొదటి పుటతో పోల్చుటకు ముందు పుట ఉండదు.