గర్భసంచి జారినప్పుడు: లజ్జ, చికిత్స, నిర్ణయం

సంతానవతులైన స్త్రీలను, ముఖ్యంగా నడివయసు దాటినవారిని పీడించే ఒక వ్యాధిని గురించి మన ఇళ్లలో ఎవరూ నోరు విప్పరు. అది గర్భసంచి కిందికి జారడం. కాన్పుల వల్ల కటి భాగపు కండరాలు సడలుతాయి. ముట్లుడిగిన తరువాత ఆ సడలింపు మరింత పెరుగుతుంది. ఏళ్ల తరబడి దగ్గు, మలబద్ధకం, బరువులు మోయడం దానికి తోడవుతాయి. అప్పుడు గర్భసంచి, కొందరిలో మూత్రాశయం, పెద్దప్రేగు చివరి భాగం కూడా కిందికి దిగివస్తాయి.

లజ్జ మన ధర్మానికి ఆభరణమే. కాని వ్యాధిని దాచిపెట్టుకొమ్మని ధర్మం ఎక్కడా ఆదేశించలేదు. హజ్రత్ ఉమ్మె సులైమ్ (రజి) స్త్రీలకు సంబంధించిన అతి సున్నితమైన విషయాన్ని స్వయంగా దైవప్రవక్త (సల్లం) ముందే అడిగి తెలుసుకున్నారు. ధర్మజ్ఞానం కోసం అలా అడిగే అన్సార్ స్త్రీలను హజ్రత్ ఆయిషా (రజి) మెచ్చుకున్నారు. కాబట్టి సోదరీమణులు లేడీ డాక్టరు వద్దకు వెళ్లడానికి వెనుకాడరాదు. సమర్థురాలైన లేడీ డాక్టరు లభించనప్పుడు, అవసరం మేరకు పురుష వైద్యుడు పరీక్షించడానికి కూడా ధర్మవేత్తలు అనుమతించారు. ఆ సమయంలో భర్తగాని మహ్రమ్ గాని, లేదా మరొక స్త్రీ గాని దగ్గర ఉండాలి.

ఈ వ్యాధిలో మూత్రం చుక్కలుగా కారుతుంటే కొందరు నమాజునే వదిలివేస్తున్నారు. ఇది సరికాదు. ఒక నమాజు వేళ మొత్తంలో వుజూ చేసి ఫర్జ్ నమాజు పూర్తిచేసేంత వ్యవధి కూడా మూత్రం ఆగకపోతే, హనఫీ ఫిఖ్‌హ్ ప్రకారం ఆమె మాజూర్. ప్రతి నమాజు వేళకు ఒకసారి వుజూ చేసుకుంటే చాలు. వుజూను భంగపరిచే మరో కారణం ఏర్పడనంతవరకు, ఆ వేళ ముగిసేదాకా ఆమె నమాజు చేయవచ్చు. సజ్దాలో బాధ భరించరానిదైతే కూర్చుని సైగలతో చేయవచ్చు.

ఇక చికిత్స విషయం. మేము వైద్యులం కాము. అయితే సమ్మతి తెలిపే ముందు ప్రతి స్త్రీకి తెలిసి ఉండవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. జారడం స్వల్పంగా ఉంటే కటి కండరాల వ్యాయామం ఉపశమనమిస్తుంది. లోపల అమర్చే రింగు వల్ల ఆపరేషను లేకుండానే చాలామందికి ఊరట కలుగుతుంది.

ఆపరేషను తప్పదన్నప్పుడు మన ప్రాంతంలో మొదట వినిపించే మాట గర్భసంచి తీసివేయడం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తొలగించుకున్న స్త్రీల నిష్పత్తిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దేశంలోనే ముందు నిలిచాయి. కాని జారిన ప్రతి గర్భసంచినీ తీసివేయనక్కరలేదు. గర్భసంచిని ఉంచి, కటిలోని బలమైన బంధనానికి కుట్టి నిలబెట్టే పద్ధతి ఉంది. నెదర్లాండ్స్‌లో 208 మంది స్త్రీలలో ఈ రెండింటినీ పోల్చి 2015లో ప్రకటించిన అధ్యయనంలో, ఏడాది గడిచేసరికి కుట్టి నిలబెట్టే పద్ధతి తీసివేతకు తీసిపోలేదని తేలింది. ఇంకా పిల్లలు కావాలనుకునేవారికి ఈ భేదం చాలా ముఖ్యం. తీసివేసిన గర్భసంచి తిరిగిరాదు. అవసరానికి ఇచ్చే సడలింపు ఆ అవసరం మేరకే అన్నది ఫిఖ్‌హ్ సూత్రం. అయితే గర్భసంచిలో వేరే జబ్బు ఉంటే తీసివేయడమే మేలు కావచ్చు.

మూడవ పద్ధతిలో పొట్ట ద్వారా, తరచు లాప్రోస్కోపీతో, మెష్ అనే వలవంటి పట్టీతో లోపలి భాగాన్ని త్రికాస్థికి కడతారు. యోని మార్గంలో చేసే ఆపరేషన్లకంటే దీనిలో మళ్లీ జారే అవకాశం తక్కువ. కాని ఆపరేషను ఎక్కువసేపు పడుతుంది. యోని మార్గంలోనే మెష్ అమర్చే పద్ధతి దీనికి భిన్నమైనది. నొప్పి, మెష్ బయటికి పొడుచుకురావడం వంటి ఫిర్యాదులు పెరిగాక, జారుడు చికిత్సకు అలా వాడే మెష్ అమ్మకాన్ని 2019 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వ నియంత్రణ సంస్థ ఆపించింది. కనుక మెష్ అన్న మాట వినబడితే ఏ మార్గంలో అని అడగాలి.

యోనిమార్గాన్ని మూసివేసే చిన్న ఆపరేషను మరొకటి ఉంది. పెద్ద శస్త్రచికిత్సకు తట్టుకోలేని వృద్ధులకు ఇది తగినది. అయితే ఆ తరువాత దాంపత్య సంబంధం సాధ్యపడదు. భార్యాభర్తలిద్దరూ తెలిసి సమ్మతించనిదే దీనికి ఒప్పుకోరాదు.

గర్భసంచి తీసివేశాక కుట్ల నుంచి వచ్చే రక్తం బహిష్టు కాదు. దాని కారణంగా నమాజు మానరాదు.

చివరిగా సోదరులకు ఒక మాట. భార్య బాధను విసుగు లేకుండా వినండి, ఆసుపత్రికి వెంట వెళ్లండి. ఏ పద్ధతి, ఎందుకు, మళ్లీ జారితే ఏమిటి అన్న ప్రశ్నలు ఆమె అడిగేలా ధైర్యమివ్వండి. నిర్ణయం ఆమె శరీరానికి సంబంధించినది, ఆమె మాటే ముందు వినబడాలి. ఆపరేషను తరువాత డాక్టరు చెప్పినన్ని వారాలు నీళ్ల బిందె, బియ్యం బస్తా మీరే ఎత్తండి. భార్య పట్ల మీ సద్వర్తన తేలేది ఇటువంటి రోజుల్లోనే.

వ్యాధిగ్రస్తులైన మన తల్లులకు, సోదరీమణులకు అల్లాహ్ సంపూర్ణ స్వస్థత ప్రసాదించుగాక! ఆమీన్.