కొత్త పాట వస్తే నీళ్ళకు పోయాడు



కిందటి సంచిక వచ్చిన వారం రోజులకు నాగపూర్ నుంచి ఒక పాఠకురాలు ఫోన్ చేశారు. క్షేమ సమాచారాలయ్యాక, "ఏమనుకోకండి టీచరు గారూ, మీ పాత కబుర్లు బాగుండేవి. ప్రాణహిత పడవలు, తునికాకు కల్లాలు, సంతలో గోండుల బేరాలు... ఈ మధ్య రాసేవాటిలో ఆ రుచి లేదు" అన్నారు. "అలాగేనమ్మా" అని పెట్టేశాను గాని, అబద్ధం ఎందుకు, మనసు చివుక్కుమంది. ఆ రోజు పప్పులో ఉప్పు రెండుసార్లు పడింది.

ఆ చివుక్కు ఇంకా పోకముందే దీపావళి వచ్చింది. అటువైపు మీకు దసరా సెలవులే పెద్దవి. మాకు మహారాష్ట్ర లెక్క, దీపావళికే ఇళ్ళు నిండుతాయి. పుణే నుంచి మా అబ్బాయి వచ్చాడు. మంచిర్యాల నుంచి మా తమ్ముడి కొడుకు, అంటే నా మేనల్లుడు, చెన్నూరు మీదుగా మోటార్ సైకిల్ మీద దిగాడు. ప్రాణహిత మీద వంతెన పడ్డాక మా పుట్టింటి రాకపోకలు ఇంత సులువయ్యాయి. మునుపైతే పడవవాడి దయ. అదిగో, మళ్ళీ పడవల్లోకి పోతున్నాను!

అబ్బాయికి నలభై, మేనల్లుడికి ఇరవై అయిదు. బావా బామ్మర్దులు. మొదటి రాత్రే కరెంటు పోయింది. డాబా మీద చాప వేసుకుని, చివడా గిన్నె మధ్యలో పెట్టుకుని ఇద్దరూ ఒక తగువు మొదలుపెట్టారు. అది నాలుగు రోజులు సాగింది. పొలం గట్టు తగువు కాదు, కట్నాల తగువు అంతకంటే కాదు. ఐరన్ మెయిడెన్ అనే ఒక ఇంగ్లండు పాటల బృందం గురించి!

హెవీ మెటల్ అంటే మొదట్లో నాకు సిరొంచ బజారులో ఇత్తడి బిందెల దుకాణమే గుర్తొచ్చేది. మా వాడు నాగపూర్‌లో చదివే రోజుల్లో ఆ క్యాసెట్లు తెచ్చేవాడు. అట్టల మీద ఎముకల గూడు బొమ్మ, పళ్ళికిలించుకుని. దాని పేరు ఎడ్డీ అట. అది ఇంట్లో ఉంటే అరిష్టమని మా అత్తగారు వాటిని దేవుడి గదికి దూరంగా అటక మీద పెట్టించారు. ఆ పాటలు నాకు రోట్లో రాళ్ళు వేసి దంచినట్టు వినిపించేవి. ఇప్పుడూ దాదాపు అలాగే వినిపిస్తాయి. కాని తగువు మాత్రం శ్రద్ధగా విన్నాను. ముప్పై ఏళ్ళు పైగా బడిలో పనిచేసిన బుద్ధి ఎక్కడికి పోతుంది? నోటుపుస్తకం తెచ్చుకుని సంవత్సరాలు కూడా రాసుకున్నాను.

ఈ బృందాన్ని 1975లో స్టీవ్ హారిస్ అనే ఆయన లండన్‌లో పెట్టాడు. 1980 నుంచి 2021 దాకా స్టూడియోలో చేసిన ఆల్బములు 17. మొదటి రెండింటికి పాల్ డియానో గాయకుడు. మూడోది 'ది నంబర్ ఆఫ్ ది బీస్ట్', 1982. మా గడ్చిరోలి చంద్రపూర్ నుంచి విడిపోయి జిల్లా అయిన ఏడే అది. దానితో బ్రూస్ డికిన్సన్ వచ్చాడు, బృందం లోకమంతా తెలిసింది. 1993లో ఆయన వెళ్ళిపోయాడు. బ్లేజ్ బేలీ అనే ఇంకొకాయన రెండు ఆల్బములు పాడాడు. 1999లో డికిన్సన్ తిరిగొచ్చాడు. ఆయనతో పాటు పాత గిటారు వాద్యగాడు ఏడ్రియన్ స్మిత్ కూడా వచ్చాడు. మధ్యలో చేరినవాణ్ణి పంపెయ్యలేదు, అప్పటినుంచి ముగ్గురు గిటారులు. (ఇది నాకు నచ్చింది. తిరిగొచ్చిన కోడలి కోసం ఉన్న కోడల్ని వెళ్ళగొట్టని అత్తగారి ఇల్లులా ఉంది.)

ఇక తగువు. 1980 నుంచి 1992 దాకా వచ్చిన తొమ్మిది ఆల్బములే అసలువని మా అబ్బాయి. 2000 తర్వాతవి ఆరూ ఇంకా లోతైనవని మేనల్లుడు. చూశారా విచిత్రం! పిల్లవాడు కొత్తవాటిని వెనకేసుకొస్తున్నాడు, పెద్దవాడు పాతవాటిని. వాడు 'సెన్‌జుట్సు' వచ్చిన 2021లో ఫోనులో మొదటిసారి ఈ బృందాన్ని విన్నాడట. వాడికి అదే మొదటి ముద్ద.

"అన్నీ ఒక్కతీరు షురువైతయిరా" అన్నాడు మా వాడు. "మెల్లగ గిటారు, మెల్లగ గొంతు, రెండు నిమిషాలకు ఉరుకుడు, మళ్ళ చివరికి మెల్లగ. ఒక్కొక్కటి పది నిమిషాలు. ముసలోళ్ళు ముచ్చట చెప్పినట్టు."

"పొడుగు పాట కొత్తదా బావా? 'పవర్‌స్లేవ్'ల కోల్‌రిడ్జ్ పద్యం మీద కట్టిన పాట ఎంతసేపుంటది? పదమూడు నిమిషాలు దాటలే? అది 1984. అప్పుడు నీకు ముద్దొచ్చింది."

మా వాడు కాసేపు చివడాలో పల్లీలు ఏరుకున్నాడు. సముద్రంలో పక్షిని చంపి శాపం తగిలించుకున్న నావికుడి కథ అది. మేము కాలేజీలో చదివినదే. ఈ ఎముకల గూడు అట్ట వెనక అది ఉందని నాకేం తెలుసు!

బ్లేజ్ బేలీ రోజుల దగ్గర ఇద్దరికీ కాస్త రాజీ కుదిరింది. 1998 నాటి 'వర్చువల్ ఎలెవెన్'లో ఒక పాట పల్లవిని మళ్ళీ మళ్ళీ మళ్ళీ పాడతారట, వినేవాడు లేచిపోయేదాకా. దాన్ని మేనల్లుడు కూడా వెనకేసుకు రాలేదు. "అభిమానమున్నంత మాత్రాన చెవులు తాకట్టు పెట్టం కద అత్తమ్మా" అన్నాడు. అయితే ఆ రోజుల పాటలే రెండు, డికిన్సన్ తిరిగొచ్చాక వేదిక మీద తన గొంతుతో పాడి నిలబెట్టాడని చెప్పాడు. తనది కాని పాటను తీసుకుని పాడటానికి పెద్ద మనసు కావాలి.

రెండో రోజు తగువు ముదిరింది. దానికి కారణం 2006 నాటి 'ఎ మ్యాటర్ ఆఫ్ లైఫ్ అండ్ డెత్'. యుద్ధాల గురించిన పాటలు ఎక్కువ అందులో. అది వచ్చినప్పుడు వీళ్ళు కచేరీల్లో ఆ కొత్త ఆల్బమంతా మొదటి నుంచి చివరిదాకా వాయించారట. పాతపాటల కోసం డబ్బు పెట్టి వచ్చినవాళ్ళు కొందరు గొణుక్కున్నారు. మేనల్లుడికి అది మగతనం, మా వాడికి అది మొండితనం.

"నువ్వు సూడలే, నేను సూసిన" అన్నాడు మా వాడు ఉన్నట్టుండి. "2007ల, బెంగుళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌ల."

నేను ఉలిక్కిపడ్డాను. 2007 మార్చిలో వీడు బెంగుళూరు వెళ్ళిన మాట నిజమే. ఉద్యోగం ఇంటర్వ్యూ అని చెప్పి వెళ్ళాడు! నేను వేములవాడ రాజన్నకు మొక్కుకున్నాను కూడా. ఆ ఉద్యోగం రాలేదని నెల రోజులు బాధపడ్డాను.

"ఇంటర్వ్యూ కాదురా అది?"

"కాదమ్మా." తల దించుకున్నాడు. "నాయనకు ఎరుకే. టికెట్ పైసలు ఆయనే ఇచ్చిండు. నీకు చెప్పొద్దన్నడు, భయపడతవని."

మా వారు పోయి ఏడేళ్ళయింది. ఇక ఎవరితో పోట్లాడను చెప్పండి? మార్చి 17 అట ఆ కచేరీ. అంత పెద్ద హెవీ మెటల్ బృందం మన దేశంలో కచేరీ చెయ్యడం అదే మొదలని అప్పట్లో పత్రికలు రాశాయి. నాగపూర్ నుంచి రిజర్వేషన్ లేకుండా రైల్లో వెళ్ళి, రాత్రి స్టేషన్‌లో పడుకున్నాడట నా కొడుకు. ఆ అన్నం తినని ముఖం ఇప్పుడు నాకు కనిపిస్తోంది.

మేనల్లుడికి అవేమీ పట్టలేదు. కళ్ళు పెద్దవి చేసి, "అయితే ఆ కొత్త పాటలు ఎదురుగా విన్నవా బావా? ఎట్లున్నయి?" అన్నాడు.

మా వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "కొత్త పాట షురువైనప్పుడల్లా నీళ్ళకు పోయిన" అన్నాడు.

"నీళ్ళకా!"

"నీళ్ళకే. పాతది రాంగనే ఉరికొచ్చిన."

వాడు నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. పద్దెనిమిదేళ్ళు మీదేసుకుని మోసిన మాట దించినట్టుంది వాడి ముఖం. మేనల్లుడు కూడా తగువు ఆపి నీళ్ళ చెంబు అందించాడు. ఎక్కిరింపుగా అందించాడో ప్రేమగా అందించాడో నాకు అర్థం కాలేదు. బావా బామ్మర్దుల మధ్య ఆ రెండూ ఒకటే.

మూడో రోజు మా వాడు ఇంకో ఆయుధం తీశాడు. 2025లో, బృందానికి యాభై ఏళ్ళని మొదలుపెట్టిన కచేరీ యాత్రలో వాళ్ళు మొదటి తొమ్మిది ఆల్బముల పాటలే వాయిస్తున్నారట. 1992 తర్వాతది ఒక్కటి లేదు. "వాళ్ళకే ఎరుకైంది, ఇంకేంది?" అన్నాడు. డ్రమ్ములు వాయించే నికో మెక్‌బ్రెయిన్‌కు 2023లో పక్షవాతం వచ్చింది. అయినా వాయించాడు. 2024 డిసెంబరులో ఇక యాత్రలు నావల్ల కాదన్నాడు. కొత్తవాణ్ణి పెట్టుకున్నారు. ఈ వయసులో జనం అడిగింది వాయించడం తప్పా?

నాకు మా వాడి మాటే సబబనిపించింది. పండక్కి వచ్చిన చుట్టాలకు వాళ్ళు అడిగిన గారెలే వండుతాం, మనకు కొత్తగా వచ్చిన వంట కాదు. కాని పండగ వేరు, రోజూ వండుకునేది వేరు కదా. ఆ ఆరు ఆల్బములు చెయ్యకుండా పాతవే పాతికేళ్ళు వాయిస్తూ కూర్చుంటే వాళ్ళ చేతులు ఇంకా ఆడేవా? ఇది నా అనుమానం. పైకి అనలేదు.

అప్పుడు మేనల్లుడు 2015 నాటి 'ది బుక్ ఆఫ్ సోల్స్' సంగతి చెప్పాడు. మొత్తం 92 నిమిషాలు. చివరి పాట ఒక్కటే 18 నిమిషాలు, డికిన్సన్ పియానో దగ్గర కూర్చుని కట్టినది. ఆర్ 101 అనే బ్రిటిష్ గాలి ఓడ కథ. 1930 అక్టోబరులో ఇంగ్లండు నుంచి బయల్దేరి ఫ్రాన్స్‌లో వానలో కూలిపోయింది, 48 మంది పోయారు. ఎక్కడికి బయల్దేరిందో తెలుసా? మన కరాచీకి! అప్పుడది మన దేశమే. పుట్టి బుద్ధెరిగాక నేనా సంగతి వినలేదు. సరే, ఆ పాటలన్నీ 2014లో పారిస్‌లో పాడాడు. పాడిన తర్వాత పరీక్షలు చేస్తే నాలుక మొదట్లో క్యాన్సర్ కణితి. అంటే లోపల కణితి పెట్టుకునే, తెలియకుండా, ఆ 92 నిమిషాలూ పాడాడన్నమాట. వైద్యమయ్యి బాగైంది. ఆల్బము ఆలస్యంగా వచ్చింది.

"గొంతు పాతదాని లెక్క లేదంటవు బావా. ఎట్లుంటది?" అన్నాడు మేనల్లుడు.

నాకు ఘంటసాల గుర్తొచ్చాడు. మా తరంలో మేమూ ఇలాగే కొట్టుకునేవాళ్ళం. 1951 'పాతాళభైరవి' గొంతు వేరు, తర్వాత్తర్వాతది వేరని. ఆయన చివరి పనుల్లో ఒకటి భగవద్గీత. 700 శ్లోకాల్లో 100కు పైచిలుకు ఏరుకుని, తెలుగు తాత్పర్యంతో పాడాడు. అప్పటికే ఒంట్లో బాగుండేది కాదు. 1974 ఫిబ్రవరి 11న పోయాడు, 51 ఏళ్ళకే. మా వారు రోజూ పొద్దున స్నానం చేసి ఆ క్యాసెట్టు పెట్టేవారు. ఆయన పోయిన రోజు చుట్టాలు అదే పెట్టారు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా. అటుతర్వాత మా ఇంట్లో ఎవరూ దాన్ని ముట్టలేదు. మా వాడైతే ఎక్కడైనా వినబడితే వీధి మారిపోతాడు.

"చివరి ఆల్బమంటే అదిరా" అన్నాను.

మేనల్లుడికి అది శవయాత్ర బండి మీద వినడమే తెలుసట. కూర్చుని ఎప్పుడూ వినలేదు. "పెట్టు అత్తమ్మా" అన్నాడు అమాయకంగా. నేను మా వాడి వైపు చూశాను. వాడు కాసేపు నది వైపు చూసి, తనే ఫోను తీశాడు. డాబా మీద ఆ మూలనే కాస్త సిగ్నలు వస్తుంది, అక్కడ పిట్టగోడ మీద పెట్టాడు.

మేనల్లుడు కళ్ళు మూసుకుని విన్నాడు, ఆ ఇనుప పాటల్ని వింటాడే అలాగే. కాసేపటికి, "గొంతు అలసినట్టుంది అత్తమ్మా. తొందర లేదు. ఎక్కడ ఆపాలనో అక్కడ ఆపుతుండు" అన్నాడు.

నేనేమీ అనలేకపోయాను. మా వాడు లేచి నిలబడ్డాడు.

"నీళ్ళకా బావా?"

వాడు బామ్మర్ది నెత్తి మీద ఒకటి మొట్టి, మళ్ళీ చాప మీద కూర్చున్నాడు. కరెంటు వచ్చింది గాని ఎవరం లేవలేదు. మొదటి భాగం అయ్యేదాకా విన్నాం.

నాగపూర్ సోదరిగారూ, తునికాకు కల్లాల సంగతి వచ్చే సంచికలో తప్పకుండా రాస్తాను. ఈసారికి మాత్రం ఇది చదవండి.