ఫోనొచ్చాక బయల్దేరితే అందదు

సంపాదకుల వారికి,

అవయవదానం గురించి రాసినప్పుడల్లా పత్రికలు దాతల గొప్పతనం రాస్తాయి. రాయాల్సిందే. కానీ ఆ అవయవం కోసం ఎదురుచూసే మనిషి ఎక్కడుండి ఎదురుచూడాలో ఎవరూ అడగడం లేదు. అది అడగడానికే ఈ ఉత్తరం.

మా మేనకోడలికి లామ్ జబ్బు. పూర్తి పేరు లింఫాంజియోలియోమయోమాటోసిస్. దాదాపుగా ఆడవాళ్లకే వస్తుంది, అదీ ఎక్కువగా పిల్లల్ని కనే వయసులో. ఊపిరితిత్తుల నిండా గాలితిత్తులు లేస్తాయి. ఏదైనా ఒకటి పగిలిందంటే ఊపిరితిత్తి ముడుచుకుపోతుంది. ఇనుప గనులున్న బైలదిల్లా కొండ కింద బతికేవాళ్లం కదా, ఆయాసం అనగానే ఎర్రదుమ్ము అనుకున్నాం. ఒక డాక్టరు ఉబ్బసమన్నారు, ఇంకొకరు టీబీ మందులు మొదలుపెట్టారు. లామ్ దుమ్ము వల్ల వచ్చేది కాదు. రెండోసారి ఊపిరితిత్తి ముడుచుకున్నప్పుడు పక్కటెముకల మధ్య గొట్టం వేశారు. గొట్టం చివర సీసాలో బుడగలు తగ్గుతున్నాయా లేదా అని తెల్లవార్లూ చూస్తూ కూర్చున్నాం. ఆ తర్వాత గానీ సీటీ స్కాన్ తీయలేదు.

సిరోలిమస్ బిళ్లలు ఈ జబ్బును నిలువరిస్తాయని 2011లో తేలింది. 2015లో అమెరికా అనుమతిచ్చింది. మన దగ్గరా దొరుకుతాయి. అయితే పాడైపోయిన భాగాన్ని అవి బాగుచేయలేవు. ఆక్సిజన్ పెట్టుకోనిదే వంటింటి దాకా నడవలేని స్థితి వస్తే, మిగిలేది ఊపిరితిత్తుల మార్పిడే. మార్పిడి జరిగిన లామ్ రోగులు ఇతర జబ్బులతో ఊపిరితిత్తులు మార్పించుకున్నవారి కంటే ఎక్కువ ఏళ్లే బతుకుతున్నారని అమెరికా రికార్డులు చెబుతున్నాయి. కాబట్టి "ఇంక లాభం లేదు" అనడం తప్పు. ఆఖరిదాకా ఆగి పంపడం అంతకన్నా తప్పు. సిరోలిమస్‌ను ఆపరేషన్‌కు ముందే ఆపకపోతే శ్వాసనాళం కుట్లు మానకపోయే ప్రమాదం ఉంది. ఇలాంటివి మార్పిడి చేసే డాక్టర్లు మొదట్నుంచీ చూస్తుంటేనే కుదురుతాయి.

అవయవం కోసం పేరు నమోదుకు స్థానికత అడ్డు కాకూడదని 2023లో కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది. సంతోషం. కానీ దాత నుంచి తీసిన ఊపిరితిత్తులను సుమారు ఆరు గంటల్లో అమర్చాలి. మా ఊరు బచేలిలో పొద్దున్నే కిరండూల్ పాసింజరు ఎక్కితే విశాఖ చేరేసరికి రాత్రవుతుంది. ఇక మార్పిడి చేసే ఆసుపత్రులున్న హైదరాబాద్ సంగతి చెప్పేదేముంది? అంటే అవయవం దొరికిందన్న కబురు ఎప్పుడొస్తుందో తెలియకుండా, నెలల తరబడి నగరంలో ఇల్లు అద్దెకు తీసుకుని కాచుకోవాలి. ఇంట్లో ఒకరు పని మానుకుని తోడుండాలి. ఆపరేషన్ అయ్యాకా నెలలపాటు దగ్గర్లోనే ఉండాలి. ఆపరేషన్‌కు చందాలైనా పుడతాయి గానీ అద్దెకు ఎవరిస్తారు?

బైలదిల్లా గనులు నడిపే ఎన్ఎండీసీ కేంద్ర కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. బైలదిల్లా ప్రాంతం నుంచి అవయవ మార్పిడికి వచ్చేవాళ్లకు, గిరిజనులైనా కార్మికులైనా, ఆసుపత్రులకు దగ్గర్లో పది గదులు, ఆక్సిజన్ యంత్రానికి కరెంటు, తోడున్నవారికి భోజనం సమకూర్చమని సంస్థ యాజమాన్యాన్ని, ఛత్తీస్‌గఢ్, తెలంగాణ ప్రభుత్వాలను చేతులెత్తి అడుగుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత గని కార్మికుడు,
బచేలి, దంతెవాడ జిల్లా