వార్డు గెలవనోళ్లం రాష్ట్రం గెలుస్తామా?

2021 మార్చి 10న హిందూపురం జనం వరుసల్లో నిలబడి ఓట్లేశారు. 38 వార్డులు. లెక్క తేలేసరికి వైఎస్సార్ కాంగ్రెస్‌కు 29, తెలుగుదేశానికి 6, బీజేపీకి 1, మజ్లిస్‌కు 1, స్వతంత్రునికి 1. నచ్చినా నచ్చకపోయినా అది జనం ఇచ్చిన తీర్పు.

2025 ఫిబ్రవరి 3న అదే కౌన్సిల్ హాల్లో మళ్లీ చైర్మన్ ఎన్నిక జరిగింది. తెలుగుదేశం అభ్యర్థికి 23 ఓట్లు. 29 వార్డులు గెలిచిన పార్టీకి 14.

ఈ నాలుగేళ్లలో హిందూపురం ఓటరు మళ్లీ ఓటేశాడా? మున్సిపాలిటీకి వేయలేదు. వార్డులు మారాయా? లేదు. మనుషులు మారారా? వాళ్లే. మారింది ఒక్కటే. 2024లో రాష్ట్రంలో తెలుగుదేశం, జనసేన, బీజేపీ కలిసి కొత్త కూటమి కట్టి గెలిచాయి. పైన కుర్చీ మారింది, కింద కండువాలు మారాయి. శాసనసభ్యుడు, పార్లమెంటు సభ్యుడు ఎక్స్ అఫీషియో ఓట్లతో కౌన్సిల్‌కు దిగొస్తారు. ఎన్నికైన వార్డు సభ్యులేమో పైకి చూసి చెయ్యెత్తుతారు.

ఎవరికేం ముట్టిందో మేం చెప్పబోవడం లేదు. మా దగ్గర రుజువు లేదు. రుజువు లేని మాట ఈ పత్రిక రాయదు. మా ప్రశ్న వేరే. ఓటరును అడక్కుండానే కౌన్సిల్ తిరగబడగలిగితే, ఆ ఓటుకు విలువ ఏం మిగిలింది?

ఇది ఒక పార్టీ పాపం కాదు

కూటమి చేసిందని వైఎస్సార్ కాంగ్రెస్ మిత్రులు గుండెలు బాదుకుంటున్నారు. బాదుకోవద్దని మేం అనం. కానీ 2021 మార్చి 18న మైదుకూరులో జరిగింది గుర్తు చేస్తాం. అక్కడ 24 వార్డులు. తెలుగుదేశానికి 12, వైఎస్సార్ కాంగ్రెస్‌కు 11, జనసేనకు 1. పెద్ద పార్టీ తెలుగుదేశమే. చైర్మన్ కుర్చీ మాత్రం వైఎస్సార్ కాంగ్రెస్‌కు పోయింది. ఎమ్మెల్యే, ఎంపీల రెండు ఓట్లు ఇటు కలిశాయి. అటు తెలుగుదేశం సభ్యులు ఒకరు రాలేదు. జనసేన సభ్యుడు ఎటూ వేయలేదు. ఆనాడు ప్రజాస్వామ్యం గుర్తు రాలేదు, ఈనాడు గుర్తొచ్చింది!

అదే రోజు తాడిపత్రి. 36 వార్డులు. తెలుగుదేశం 18, వైఎస్సార్ కాంగ్రెస్ 16, సీపీఐ 1, స్వతంత్రుడు 1. ఎమ్మెల్యే, ఎంపీల ఓట్లు కలిపితే 16 కాస్తా 18 అయ్యింది. అంటే 18కి 18. అప్పుడు తాడిపత్రి పట్టణాన్ని తేల్చింది ఎవరు? జగన్‌మోహన్‌రెడ్డి కాదు, చంద్రబాబు కాదు. ఒక సీపీఐ సభ్యుడు, ఒక స్వతంత్రుడు. ఆ ఇద్దరూ కదలకుండా నిలబడ్డారు కాబట్టే 20 అయ్యింది. రాష్ట్రమంతా ఒకే గాలి వీచిన ఏడాదిలో తాడిపత్రి ఎదురు నిలిచింది.

ఇక ధర్మవరం. 40 వార్డులకు 40 ఒకే పార్టీకి. ప్రశ్నించే గొంతు ఒక్కటి కూడా లేని కౌన్సిల్! మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చునే నేతన్న తరఫున లేచి మాట్లాడే ప్రతిపక్షం ఒక్కరూ లేరు. మూడేళ్లు తిరిగేసరికి 2024లో అదే ధర్మవరం బీజేపీ అభ్యర్థిని అసెంబ్లీకి పంపింది. జనం మనసు ఎంత తొందరగా మారగలదో చూడండి. జనం మారితే అది తీర్పు. కౌన్సిలర్ మారితే అది బేరం. ఈ రెంటినీ ఒకటిగా చూపించే వాళ్ల మాట నమ్మొద్దు.

సీమకే పరిమితం కాదు ఈ రోగం. 2025 ఏప్రిల్ 19న విశాఖపట్నంలో 74 ఓట్లతో అవిశ్వాసం నెగ్గించి మేయరును దించేశారు. నాలుగేళ్ల గడువు ఎప్పుడు తీరుతుందా అని కాచుకుని కూర్చుని, తీరగానే నోటీసులు మొదలుపెట్టారు. పట్టణాలు వీళ్లకు పరిపాలించాల్సిన ఊళ్లు కావు. గెలిచిన రాజు ఎత్తుకుపోయే పశువుల మంద!

ఇంతకీ ఆ హాల్లో ఏం మాట్లాడారు?

చైర్మన్ మారిన పట్టణాల్లో ఏం మారిందో ఒకసారి లెక్క చూద్దాం.

హిందూపురం దాహం ఈనాటిది కాదు. పెన్న అహోబిలం నుంచి శ్రీరామిరెడ్డి పథకం గొట్టాలు వచ్చాయి. తర్వాత గొల్లపల్లి రిజర్వాయరు నుంచి గొట్టాలు వచ్చాయి. ఆ గొల్లపల్లికి నీళ్లు యాడి నుంచి? శ్రీశైలం నుంచి హంద్రీ–నీవా కాలువలో. పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీకీ అవే నీళ్లు. 2017లో ఒప్పందం, 2019లో మొదటి కారు. ఫ్యాక్టరీ రావద్దని మేం అనలేదు, అనం. మా పిల్లలకు అక్కడ ఏ ఉద్యోగాలొచ్చాయి, ఎన్నాళ్ల కాంట్రాక్టు మీదొచ్చాయి అని అడిగాం. ఇప్పటికీ అడుగుతున్నాం.

హంద్రీ–నీవాకు రాసిచ్చింది 40 టీఎంసీలు. తడపాల్సింది 6,02,500 ఎకరాలు. ఆ 40 టీఎంసీలూ వరద నీళ్లే, నికర జలాలు కావు. కృష్ణమ్మ పొంగితే మనకు, పొంగకపోతే మన ఖర్మ! ఈ ఒక్క మాట మీద హిందూపురం, ధర్మవరం, కదిరి, పెనుకొండ కౌన్సిళ్లు కలిసి గట్టిగా ఒక తీర్మానం చేస్తే ఎలా ఉండేది? కౌన్సిలర్లను క్యాంపులకు తోలడానికి బస్సులు దొరుకుతాయి. నికర జలాలు అడగడానికి ఒక తెల్ల కాగితం దొరకదు.

జిల్లా సంగతి చూడండి. 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా పుట్టింది, కేంద్రం పుట్టపర్తి. పార్లమెంటు నియోజకవర్గం పేరు హిందూపురం, వ్యాపారం హిందూపురం, కలెక్టరేటు మాత్రం అక్కడ లేదు. పట్టణం భగ్గుమంది. ఎమ్మెల్యే మౌనదీక్షకు కూర్చున్నారు, పదవి వదులుకుంటానన్నారు. తర్వాత ఆయన పార్టీయే గద్దెనెక్కింది. ఆ కోరిక ఏ గట్టున ఎండుతోందో ఎవరూ చెప్పరు. పుట్టపర్తి మీద మాకు కోపం లేదు, అదీ మన నేలే. సీమలో ఒక ఊరికి ఇంకో ఊరితో తగువు పెట్టి కూర్చోబెట్టడమే పాలకులకు తెలిసిన విద్య. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందంట!

మా నల్లమాడనే తీసుకోండి. ఒకప్పుడు ఈ పేరుతో అసెంబ్లీ నియోజకవర్గం ఉండేది. పునర్విభజనలో పేరే చెరిగిపోయింది. 2009 నుంచి మేం పుట్టపర్తిలో ఓటేస్తున్నాం. ఎవరైనా అడిగారా? మేమైనా అడిగామా? అడగనోడి పేరు పటంలోనూ మిగలదని మాకు తెలిసిందప్పుడే.

హైదరాబాదు పాఠం

మూడో పక్షం మాట వచ్చింది కాబట్టి హైదరాబాదు సంగతి చెప్పుకోవాలి. 2009 నవంబరు 23న గ్రేటర్ ఎన్నికలు. 150 డివిజన్లు. కాంగ్రెస్‌కు 52, తెలుగుదేశానికి 45, మజ్లిస్‌కు 43. ఎవరికీ సగం రాలేదు. కాంగ్రెస్, మజ్లిస్ చేతులు కలిపి మేయర్ పదవిని కాలాల వారీగా పంచుకున్నాయి. మొదట కాంగ్రెస్ మేయరు, 2012 జనవరిలో మజ్లిస్ మేయరు. మూడో స్థానంలో ఉన్న పార్టీ కుర్చీ ఎక్కింది. ఎందుకు? దానికి తన వార్డులున్నాయి, తన జనం ఉన్నారు, తన అజెండా ఉంది. ఆ పార్టీతో మనకు ఏకీభావం అక్కర్లేదు. దాని లెక్క నేర్చుకుంటే చాలు.

ఆ ఎన్నికల్లో టీఆర్ఎస్ పోటీ చేయలేదు. ఆరు రోజులకే నవంబరు 29న నిరాహారదీక్ష మొదలైంది, డిసెంబరు 9న ఢిల్లీ నుంచి ప్రకటన వచ్చింది. ఇదే చూపించి మన మిత్రులు కొందరు అంటారు: "చూశారా, ఉద్యమానికి మోరీ ఎన్నికలు అక్కర్లేదు. నీళ్ల కొళాయి రాజకీయాల్లో చెయ్యి పెడితే మనమూ మురికవుతాం."

ఈ మాటకు గౌరవంగానే జవాబిస్తాం. టీఆర్ఎస్ పట్నంలో ఆగింది, పల్లెలో ఆగలేదు. అప్పటికే ఎనిమిదేళ్లుగా ఊరూరా జెండా పాతింది. విశ్వవిద్యాలయాలు కదిలాయి, ఉద్యోగ సంఘాలు కదిలాయి. మరి మనకు ఏముంది? పట్నమూ లేదు, పల్లే లేదు. వాళ్లు ఎన్నిక వదులుకున్నారు. మనం వదులుకోవడానికైనా ఏదో ఒకటి ఉండాలి కదా!

చేదు నిజం చెప్పుకుందాం. 2017 నంద్యాల ఉప ఎన్నికలో రాయలసీమ పేరు పెట్టుకున్న పార్టీ అభ్యర్థికి రెండు వందల ఓట్లు కూడా రాలేదు. ఆ తర్వాత ఆ పార్టీనే ఎత్తేశారు. నాయకుడు వేరే పార్టీలు చూసుకున్నారు. జనం సీమను ఓడించారా? కాదు. సీమ మాట చెప్పేవాడు తమ వీధిలో ఎన్నడూ కనబడలేదు కాబట్టి వాడెవడో వాళ్లకు తెలియలేదు. కొళాయి దగ్గర కనిపించనోడు కర్నూలు రాజధాని గురించి ఉపన్యాసమిస్తే బిందె పట్టుకున్న అక్క ఎందుకు నమ్మాలి?

శ్రీబాగ్ నుంచి వార్డు దాకా

1937 నవంబరు 16న శ్రీబాగ్‌లో పెద్దలు సంతకాలు పెట్టారు. రాజధానో హైకోర్టో సీమకన్నారు. నీళ్లలో ముందు వరుస సీమదన్నారు. 1953లో కర్నూలు రాజధాని అయ్యింది, మూడేళ్లకే 1956లో ఎగిరిపోయింది. మొన్న మూడు రాజధానులన్నారు. చట్టం చేశారు, చేసినవాళ్లే 2021 నవంబరులో వెనక్కి తీసుకున్నారు. వీళ్లొచ్చి 2024 నవంబరులో కర్నూలుకు హైకోర్టు బెంచి అని అసెంబ్లీలో తీర్మానం చేశారు. హైకోర్టు అడిగితే బెంచి అంటున్నారు, రేపు కుర్చీ అంటారు, ఎల్లుండి స్టూలు అంటారు!

ఇన్ని సార్లు మోసపోవడానికి కారణం వాళ్ల తెలివి ఒక్కటే కాదు. సంతకం పెట్టినోడు మాట తప్పితే అడిగే చెయ్యి మనకు ఏ సభలోనూ లేదు. అసెంబ్లీలో సీమ ఎమ్మెల్యేలున్నారు. వాళ్లు పార్టీల మనుషులు. విప్ వస్తే నోరు మూస్తారు.

అందుకే అంటున్నాం, వార్డు నుంచి మొదలుపెడదాం. 2021 మార్చిలో ఎన్నికైన కౌన్సిళ్ల గడువు 2026 మార్చి వరకే. తర్వాతి ఎన్నికలు ఎప్పుడు పెట్టినా మనం సిద్ధంగా ఉండాలి. చైర్మన్ కుర్చీ మనకు వద్దు. తాడిపత్రిని ఇద్దరు తేల్చారు. మైదుకూరును ఒకరిద్దరి గైర్హాజరు తేల్చింది. ప్రతి పట్టణంలో మనవాళ్లు నలుగురో ఐదుగురో గెలిస్తే చాలు, ఏ కూటమైనా మన గడప తొక్కాల్సిందే. అప్పుడు కుర్చీ అడగం, కాంట్రాక్టు అడగం. రాసిచ్చిన షరతులు అడుగుతాం.

ఆ షరతులు ఇవీ. హంద్రీ–నీవాకు నికర జలాలు కేటాయించాలని మొదటి సమావేశంలోనే కౌన్సిల్ తీర్మానం చేయాలి. ఎండాకాలం ట్యాంకర్ల లెక్క ప్రతి నెలా వార్డులో గోడకు అంటించాలి. 2021లో ఆస్తి విలువను బట్టి ఇంటి పన్ను వేసే పద్ధతి తెచ్చినప్పుడు నోరెత్తని కౌన్సిళ్లు, పేదల ఇళ్ల మీద, మగ్గాల ఇళ్ల మీద ఆ భారం ఎంతో లెక్క తీసి జనం ముందు పెట్టాలి. ప్రత్యేక రాయలసీమ రాష్ట్రం కోరుతూ కౌన్సిల్ తీర్మానించాలి. దానికి చట్టబలం లేదని మాకు తెలుసు. నైతిక బలం ఉంది. ఒక పట్టణం నోరు విప్పితే పక్క పట్టణం మౌనంగా ఉండలేదు.

మన అభ్యర్థులకూ ఒక షరతు ఉంది. గెలిచాక కండువా మార్చాలనిపిస్తే ముందు రాజీనామా చేసి వార్డు జనం దగ్గరికి రావాలి. నామినేషన్‌కు ముందే ఈ మాట వార్డు నడిబొడ్డున, జనం ముందర చెప్పాలి. చెప్పలేనోడు మనకొద్దు, వాడు ఎంత పెద్ద మనిషైనా సరే. ఎదుటోళ్ల కౌన్సిలర్లను సంతలో పశువులన్నాక మనవాళ్లకు ముక్కుతాడు మనమే వేసుకోవాలి.

విద్యార్థి మిత్రులారా, తెల్లారుజామున బెంగుళూరు రైలెక్కే మీ అన్నలను అడగండి, ఇంటి దగ్గర పని ఎందుకు లేదో చెబుతారు. సెలవులకు ఊరొచ్చినప్పుడు ఒక్క వీధి తీసుకోండి. ఎన్ని ఇళ్లు, ఎన్ని కొళాయిలు, ఎన్ని రోజులకు నీళ్లొస్తాయో రాసుకోండి. ఆ నోటుబుక్కే మన మేనిఫెస్టో. ఉద్యోగ సోదరులారా, మిమ్మల్ని జెండా పట్టమని అడగం, మీ సర్వీసు రూల్సు మాకు తెలుసు. ఏ జీవో సీమకు నష్టమో, ఏ ఫైలు ఎక్కడ ఆగిందో తెలుగులో అర్థమయ్యేటట్టు జనానికి చెప్పండి. నేతన్నలారా, చెనక్కాయ రైతులారా, చింతపండు మార్కెట్ హమాలీలారా, పట్టుగూళ్ల రైతులారా, ఓటు అడగడానికి వచ్చినోడిని ఒక్క ప్రశ్న అడగండి: "గెలిచినాక ఏ పక్కనుంటావప్పా?"

జవాబు తడుముకుంటే గడప దాటనీయొద్దు.

రాష్ట్రం ఢిల్లీలో పుడుతుందని మనకు నేర్పారు. ఢిల్లీలో సంతకం మాత్రమే పెడతారు. రాష్ట్రం పుట్టేది హిందూపురం కొళాయి దగ్గర, ధర్మవరం మగ్గం దగ్గర, నల్లమాడ బస్టాండులో. ముందు ఆ వార్డు గెలుద్దాం.

జై రాయలసీమ!