ముడత వేరు, మడత వేరు



సబ్బు మురికిని ఎట్లా వదలగొడుతుందో పోయిన నెల చెప్పుకున్నాం. బట్ట ఉతకడం అయింది, దండెం మీద ఆరడం అయింది. ఇక మిగిలింది ఇస్త్రీ. దాన్ని గురించి ఈసారి మూడు ఉత్తరాలు వచ్చాయి.

సూర్యాపేట నుంచి ఆరో తరగతి అబ్బాయి ఇట్లా అడిగాడు: "ఉతికిన చొక్కాకు ముడతలు ఎందుకు పడతాయి? నీళ్లు చల్లి రుద్దితే ఎందుకు పోతాయి?"

మిర్యాలగూడ నుంచి ఒక తల్లిగారు రాశారు: "మా వాడి బడి చొక్కా ఇస్త్రీపెట్టెకు అతుక్కుపోయి పాడైంది. అదే వేడికి నూలు పంచె చెక్కుచెదరలేదు. కారణమేమిటి?"

కోదాడ నుంచి ఏడో తరగతి అమ్మాయి రాసింది: "మా ఇంట్లో ఇస్త్రీపెట్టె లేదు. ముడతల బట్టలతో బడికి వెళ్లాలంటే సిగ్గుగా ఉంటుంది. నేనేం చెయ్యాలి?"

మూడూ మంచి ప్రశ్నలే. వరసగా చూద్దాం.

మొదట ముడత సంగతి. నూలు బట్టలో ఉండేది పత్తి. పత్తిపోగులో సెల్యులోజ్ అనే పదార్థం ఉంటుంది. అది గ్లూకోజ్ అణువులు ఒకదాని వెంట ఒకటి గుచ్చిన పొడుగాటి దండలాంటిది. అట్లాంటి దండలు లెక్కలేనన్ని పక్కపక్కనే ఉండి, ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకొని ఉంటాయి. ఈ పట్టునే హైడ్రోజన్ బంధం అంటారు. బట్ట తడిసినప్పుడు నీరు ఆ దండల మధ్య దూరి చేతులు విడిపిస్తుంది. అప్పుడవి అటూ ఇటూ జరుగుతాయి. నీరు ఆరిపోగానే, ఎక్కడ ఉన్నవి అక్కడే మళ్లీ చేతులు పట్టుకుంటాయి. మెలితిప్పి పిండి, ఉండచుట్టి పడేసిన చొక్కా ఆ వంకరలోనే బిగుసుకుంటుంది. అదే ముడత!

ఇస్త్రీలో జరిగేదీ ఇదే. నీళ్లు చల్లితే పట్టు సడలుతుంది. వేడి తగిలితే దండలు ఇంకా సులభంగా కదులుతాయి. పెట్టె బరువుకు అవి సాపుగా పరుచుకుంటాయి. నీరు ఆవిరై పోగానే ఆ సాపులోనే బిగుసుకుంటాయి. లాగుకు గీత పెట్టడం కూడా ఇదే సూత్రం. ముడత దానంతటది పడేది, మడత మనం కోరి పెట్టేది. అంతే తేడా.

దీన్నిబట్టి రెండు సంగతులు తెలుసుకోవాలి. బట్ట పూర్తిగా ఎండకముందే, కొంచెం చెమ్మగా ఉండగా ఇస్త్రీ చేస్తే సగం శ్రమ తగ్గుతుంది. ఇస్త్రీ అయిన చొక్కాను వెంటనే తొడుక్కోక, చల్లారేదాకా తగిలించి ఉంచాలి. వేడీ చెమ్మా ఉండగానే తొడుక్కుంటే కొత్త ముడతలు పడతాయి.

ఇప్పుడు కాలిన చొక్కా సంగతి. బడి చొక్కాల్లో చాలా వాటికి పత్తితో పాటు పాలిస్టర్ కలుస్తుంది. పాలిస్టర్ పెట్రోలియం నుంచి తీసిన పదార్థాలతో చేసే కృత్రిమ నూలు. పత్తి కరగదు, వేడి మరీ మించితే మాడుతుంది. పాలిస్టర్ అట్లా కాదు, వేడికి మెత్తబడుతుంది, ఇంకా పెంచితే కరుగుతుంది. అందుకే అది పెట్టెకు అతుక్కున్నది.

చొక్కా మెడ దగ్గర లోపల కుట్టిన చిన్న పట్టీని చూడండి. దాని మీద ఇస్త్రీపెట్టె బొమ్మ, అందులో చుక్కలు ఉంటాయి. ఒక చుక్క ఉంటే సుమారు 110 డిగ్రీలు, రెండు ఉంటే 150, మూడు ఉంటే 200 సెంటిగ్రేడు డిగ్రీల వరకు పనికివస్తుందని అర్థం. పెట్టె మీద కొట్టివేత గుర్తు ఉంటే అసలు ఇస్త్రీ చెయ్యరాదు. పట్టీ లేకపోతే తక్కువ వేడితో, లోపలివైపు ఒక మూల రుద్ది చూడాలి.

తల్లులకు ఒక మాట. తక్కువ వేడి కావలసిన బట్టలు ముందు చేసి, నూలువి చివర చెయ్యండి. వేడెక్కిన పెట్టె చల్లారేదాకా ఆగనక్కరలేదు. ఆఖరున స్విచ్చి ఆపి, మిగిలిన వేడితో చేతిరుమాళ్లు చేసుకోవచ్చు. 1000 వాట్ల పెట్టె గంటసేపు ఆగకుండా కాలితే ఒక యూనిట్ విద్యుత్తు ఖర్చవుతుంది. గనుక రోజుకొక చొక్కా కోసం పెట్టె వేడిచేయడం కంటే, వారానికొకసారి అన్నీ కలిపి చేయడం లాభం.

చొక్కాకు ఒక వరస ఉన్నది. ముందు కాలరు, కొసల నుంచి నడిమికి రుద్దాలి. తరువాత భుజాలు, ఆపైన చేతులు, చివరకు ముందూ వెనకా. పెద్ద భాగాన్ని ముందే చేస్తే, తక్కినవి చేసేలోపల అది నలిగిపోతుంది. ముదురు రంగు బట్టల్ని తిరగేసి చెయ్యాలి. పట్టుచీర మీద నీళ్లు చల్లితే మరకలు పడవచ్చు. పైన పలుచని నూలుగుడ్డ పరిచి, తక్కువ వేడితో చెయ్యాలి.

గంజి మాటేమిటంటారా? మిర్యాలగూడ చుట్టూ వరిపొలాలు, ఊళ్లో బియ్యపు మిల్లులు. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలిన తరువాత ఆ ప్రాంతంలో వరి బాగా పెరిగింది. అన్నం వార్చిన గంజిలో ఉండే పిండిపదార్థం కూడా గ్లూకోజ్ దండలే! అది పోగుల మీద పలుచని పొరలా పట్టి ఆరితే బట్ట బిగువుగా నిలుస్తుంది. అయితే గంజి పెట్టిన బట్టల్ని నెలల తరబడి పెట్టెలో దాచకండి. వెండిపురుగులకు పిండిపదార్థమంటే మహా ఇష్టం.

ఇక కోదాడ అమ్మాయికి జవాబు. చూడమ్మా, నీకు ఇస్త్రీపెట్టె లేకపోయినా సూత్రం తెలిసింది కదా? తడి బట్ట ఏ ఆకారంలో ఆరితే ఆ ఆకారంలోనే నిలుస్తుంది. కాబట్టి బట్టను మెలితిప్పి పిండకుండా, చేతులతో అదిమి నీరు తియ్యి. నాలుగుసార్లు గట్టిగా విదిలించు. కాలరూ, అంచులూ, బొత్తాల పట్టీ వేళ్లతో లాగి సాపు చేసి ఆరవెయ్యి. ఇంకా కాస్త చెమ్మ ఉండగానే తీసి, అరచేతితో తుడిచి, నీడన తగిలించు. రాత్రి పూర్తిగా ఆరిన తరువాత చక్కగా మడిచి పరుపు కింద పెట్టు. మరీ అవసరమైతే, చదునైన అడుగున్న స్టీలు గిన్నెలో సలసల కాగిన నీళ్లు పోసి మూతపెట్టి మీ అమ్మగారు రుద్దవచ్చు. మరిగే నీరు నూరు డిగ్రీలు దాటదు గనుక బట్ట కాలదు. చెయ్యి మాత్రం కాలుతుంది! ఆ పని నీవు చెయ్యకు.

ఇంకొక మాట. ముప్పై ఏళ్లకు పైగా బడిలో పిల్లల్ని చూసినవాణ్ణి గనుక చెబుతున్నాను. శుభ్రత వేరు, ఇస్త్రీ వేరు. ఉతికిన బట్ట ఆరోగ్యానికి అవసరం. ఇస్త్రీ చూపుకు అందం, అంతే. ముడతల చొక్కా చూసి తోటివాణ్ణి వెనక్కి నెట్టేవాడు చదువుకున్నవాడు కాడు. ఈ మాట ఉపాధ్యాయులూ గుర్తుంచుకోవాలి.

మన బట్టలు ఇస్త్రీ చేసే వారిని కూడా తలచుకుందాం. ఐదారు కిలోల బొగ్గుల పెట్టెను రోజంతా ఎత్తి దించడం ఎంత కష్టమో ఊహించండి. 2021లో తెలంగాణ ప్రభుత్వం లాండ్రీలకూ ధోబీఘాట్లకూ నెలకు 250 యూనిట్ల వరకు ఉచిత విద్యుత్తు మంజూరు చేసింది. తమిళనాడులోని తిరువణ్ణామలైలో వినీషా ఉమాశంకర్ అనే బాలిక, బొగ్గులు వాడవలసిన పని లేకుండా సూర్యరశ్మితో నడిచే ఇస్త్రీ బండిని రూపొందించింది. అందుకు 2020లో స్వీడన్‌లో ఇచ్చే బాలల పర్యావరణ బహుమతి పొందింది. తమ వీధిలో ఇస్త్రీ బండి దగ్గర పారబోసిన బొగ్గులను చూసి ఆమెకు ఆ ఆలోచన వచ్చిందట. వీధిలో చూసిన దాన్ని గురించి ఆలోచించడమే శాస్త్రం.

జాగ్రత్తలు మరువకండి. బొగ్గుల పెట్టెను తలుపులు మూసిన గదిలో వాడరాదు. నిప్పుల నుంచి కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు వస్తుంది. దానికి రంగూ వాసనా లేవు, ప్రాణం తీస్తుంది. కరెంటు పెట్టెను తడిచేతులతో తాకరాదు. మూడు పుల్లల ప్లగ్గులో పెద్ద పుల్ల ఎర్తు కోసం. దాన్ని విరిచి వాడితే షాకు కొట్టే ప్రమాదం ఉన్నది. ఒంటి మీద ఉన్న బట్టను ఎన్నడూ ఇస్త్రీ చెయ్యకండి. పెద్దలు దగ్గర లేనిదే చిన్నపిల్లలు పెట్టెను ముట్టకూడదు.

ఇక మీకు పని. నిప్పూ కరెంటూ అక్కరలేదు. పాత నూలుగుడ్డ నుంచి అరచెయ్యంత ముక్కలు మూడు కత్తిరించండి. ఒకటి పొడిగా నలిపి దారంతో కట్టండి. రెండోది తడిపి, నలిపి, కట్టండి. మూడోది తడిపి, బోర్లించిన స్టీలు పళ్లెం అడుగున గాలి బుడగలు లేకుండా సాపుగా అతికించండి. అన్నీ పూర్తిగా ఆరిన తరువాత విప్పి పక్కపక్కన పెట్టి చూడండి. దేనికి ముడతలు ఎక్కువ? ఏది ఇస్త్రీ చేసినట్టున్నది? కారణంతో సహా ఉత్తరం రాయండి.