మామూ, నౌకరీ పోకుండా ఎట్లా?

మొన్న జుమా నమాజ్ అయ్యాక మా చెల్లెలి పెద్దబిడ్డ వచ్చి నా చేతిలో ఒక నోటుబుక్కు పెట్టింది. అవును, 'పెట్టింది' అనే రాస్తున్నా. ఖాన్దాన్‌లో అందరూ 'పెట్టాడు' అనే అంటారు. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో ఆరేళ్లుగా గుమాస్తా. టిక్కీల లెక్క, కాటా చీటీలు, రైతుల పట్టీలు అన్నీ తనే చూస్తుంది. సేఠ్ మరిచిపోయిన బాకీలు కూడా తనకి గుర్తుంటాయి.

బుక్కులో ఎడమపక్క నెలలు, కుడిపక్క పనులు. ముందు కలెక్టర్ ఇచ్చే సర్టిఫికెట్. తర్వాత ఆధార్, పాన్, బ్యాంకు ఖాతాలో పేరు. ఆర్నెల్ల ఖర్చుకి డబ్బు దాచడం. ఆ తర్వాతే డాక్టరు, హార్మోన్లు. మెడికల్ షాపులో అడిగి మింగేది కాదని కింద గీత కూడా గీసింది. అన్నిటికీ మధ్యలో ఎర్రసిరాతో: సేఠ్‌కి ఎప్పుడు చెప్పాలి?

నేను మొదట అడిగింది, "ఇది జాయజేనా బేటా?" అని.

"ఆ సవాల్ ఇంట్లో పదేళ్లుగా వింటున్నా మామూ. నా రోటీ సంగతి ఒక్కరూ అడగలేదు" అంది. నాకు షరమ్ వేసింది.

ఫత్వా ఇచ్చేంత ఇల్మ్ నాకు లేదు. ఖున్సాకి విరాసత్‌లో వాటా ఎంతో మన ఫిఖా కితాబులు ఏనాడో చర్చించాయి. టెహ్రాన్‌లో టీవీ సంస్థలో పనిచేసిన మర్యమ్ ఖాతూన్ ముల్క్‌ఆరా ఇంఖిలాబ్ తర్వాత నౌకరీ పోగొట్టుకుని, 1980లలో ఖొమైనీ దగ్గరికే వెళ్లి ఫత్వా తెచ్చుకున్నారు. 1988లో ఈజిప్టు ముఫ్తీ తంతావీ ఇచ్చిన ఫత్వాని ఇరుపక్షాలూ తమదే అంటాయి. ఇఖ్తిలాఫ్ ఉంది, ఉంటుంది. అప్పటిదాకా ఈ బిడ్డ ఏం తిని బతకాలి?

2024 జూలై 9న కేంద్ర ఆర్థికశాఖ హైదరాబాద్‌లోని ఐఆర్‌ఎస్ అధికారి ఎం. అనుకతిర్ సూర్యని సర్కారీ రికార్డులన్నిటిలో కొత్త పేరుతో, పురుషుడిగా రాసుకోవడానికి ఒప్పుకుంది. ఆయన కుర్చీ కదల్లేదు. 2022లో ఉస్మానియా ఆసుపత్రిలో మెడికల్ ఆఫీసర్‌గా చేరిన డాక్టర్ ప్రాచీ రాథోడ్ మాత్రం అంతకుముందు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, తన సంగతి బయటపడ్డాక కొలువు పోగొట్టుకున్నారు. డాక్టరుకే అట్లా అయితే కమీషన్ కొట్లో గుమాస్తాకి ఎవరు దిక్కు?

2019లో చేసిన చట్టం తొమ్మిదో సెక్షన్‌లో కొలువు దగ్గర వివక్ష కూడదంది. బాగుంది. కానీ శిక్షలు రాసిన పద్దెనిమిదో సెక్షన్‌లో నౌకరీ తీసేసినోళ్ల ఊసే లేదు. ఇల్లు విడిచి పొమ్మని తరిమినోళ్లకి మాత్రం ఆర్నెల్ల నుంచి రెండేళ్ల దాకా జైలు రాశారు. ఈ ముక్క మా బహనోయ్‌కి రెండుసార్లు చదివి వినిపించా.

దుకాణం ముందుకి హిజ్రాలు వస్తే పది రూపాయలిచ్చి దువా అడుగుతాం. అదే మన ఇంటి బిడ్డ చెయ్యి చాచకుండా హలాల్ కమాయీ తింటానంటే బదనామ్ అంటాం. ఈ ఇజ్జత్ లెక్క నాకు అర్థం కాదు.

ఒక్క విషయంలో తనకీ నాకూ పడలేదు. ఎండాకాలం యార్డు సెలవులయ్యాక కొత్త బట్టల్లోనే వెళ్లి చెబుతానంటుంది. వద్దన్నాను. సరుకు ముంచెత్తే ఫిబ్రవరి, మార్చిలో కాదుగానీ, సెలవుల ముందే సేఠ్‌ని ఇంట్లో కలిసి చెప్పాలి. రైతులకీ హమాలీలకీ ఆయన నోటితో చెప్పుకునే వ్యవధి ఉండాలి. పక్కన వాళ్ల అబ్బా కూర్చోవాలి. వెనక ఖాన్దాన్ ఉందని తెలిస్తే, తీసేసే ముందు ఏ సేఠైనా రెండుసార్లు ఆలోచిస్తాడు.

బహనోయ్ ఇంకా అవుననలేదు. కాదనీ అనలేదు. నోటుబుక్కు మాత్రం మా అల్మారాలోనే ఉంది. వాళ్లింట్లో ఉంటే అమ్మీ చింపేస్తుందని బిడ్డ భయం.